రెండు నెలల పికప్‌కి ఎవరూ చేయని సొట్ట: ఎవరినైనా అనేముందు ఆ సొట్టని చదువు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను, నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూసుకో. తెల్ల పికప్, షోరూం నుంచి తెచ్చి రెండు నెలల పది రోజులు, 5,200 కిలోమీటర్లు తిరిగింది. మదనపల్లె మార్కెట్‌కి టమాటా క్రేట్లు తోలుతున్నావు. నడిపేది మీ ఊరి అబ్బాయే, అప్పుడప్పుడు మీ బావమరిది. ఆదివారం పొద్దున బండి కడుగుతుంటే క్లీనర్ సైడు, అంటే ఎడమవైపు, సరుకు తొట్టి మీద పొడుగాటి గీత, దాని చివర సొట్ట, క్యాబిన్ వెనక మూల పెయింటు పగులు కనిపించాయి. అబ్బాయిని అడిగితే "నాకు తెలీదన్నా" అన్నాడు, మీ బావమరిదీ అదే మాట. షోరూం వాళ్లు "మేం ఇచ్చినప్పుడు బాగుంది, మీరు సంతకం పెట్టారు" అన్నారు. ఒకాయన దెబ్బతిన్న బండి అంటగట్టారు కేసు వెయ్యమంటే, ఇంకొకాయన లారీ గుద్దిందని రాసి ఇన్సూరెన్స్ తీసుకోమన్నాడు. నువ్వేమో ఖర్చు అబ్బాయి జీతంలో కోయాలా అని అడుగుతున్నావు.

జీతం దగ్గర ఆగు. దాని గురించే ముందు చెప్తా, మిగతావి తర్వాత.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 24 ఏళ్లుగా టింకరింగ్ పనిలో, అంటే బండి రేకుల సొట్టలు తీసే పనిలో ఉన్నాను, అందులో చివరి పదేళ్లు సొంత షెడ్డు. చేరిన మొదట్లో, నేను ఇంకా మేస్త్రీ దగ్గర పని చేస్తున్నప్పుడు, నూజివీడు వైపు నుంచి ఒక మామిడికాయల వ్యాపారి బండి తెచ్చాడు. క్యాబిన్ వెనక గోడ లోపలికి నొక్కుకుపోయి ఉంది. డ్రైవర్ నాకు తెలీదన్నాడు. ఓనరు నన్ను అడిగాడు, "ఏం తమ్ముడూ, రివర్స్‌లో గుద్దేశాడంటావా?" నేను సరిగ్గా చూడకుండానే అవునన్నట్టు తలూపాను. ఆ తలూపుడుకి ఆ మనిషి రెండు నెలల జీతం పోయింది, పని కూడా పోయింది. మర్నాడు తొట్టి విప్పి చూస్తే, తొట్టి ముందు గోడ లోపలి వైపు నుంచి బయటికి ఉబ్బి ఉంది, ఉబ్బిన చోట గుండ్రంగా మూడు అచ్చులు. అవి జీఐ పైపుల మొనలు. వారం ముందు ఓనరు తనే ఇంటి పనికి పైపులు వేయించుకుని, తాళ్లు వదులుగా కట్టించుకుని వచ్చాడట, ఎక్కడో సడన్ బ్రేకు పడింది, పైపులు ముందుకి జారి గోడని పొడిచాయి, ఆ గోడ క్యాబిన్‌ని నొక్కింది. రివర్స్‌లో గుద్దితే క్యాబిన్ వెనక గోడకి ఏం తగులుతుంది, మధ్యలో తొట్టి ఉంది కదా! ఆ చిన్న ఆలోచన నాకు ఆ రోజు రాలేదు. నేను ఓనరుకి ఫోన్ చేసి చెప్పాను, ఆయన బాధపడ్డాడు, కానీ డ్రైవర్ అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఆ మనిషి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచీ ఎవరి బండి వచ్చినా, ముందు దెబ్బని పూర్తిగా చూశాకే నోరు విప్పుతాను.

ఇప్పుడు నీ ఫోటోల సంగతి.

మూడో ఫోటో చూడు, దగ్గర నుంచి తీసింది. గీత క్యాబిన్ వెనక జానెడు దూరంలో వెంట్రుకంత సన్నగా మొదలైంది. వెనక్కి వచ్చేకొద్దీ వెడల్పయింది, వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి బొటనవేలంత అయి, అక్కడ అరచేయంత సొట్ట పెట్టి ఆగిపోయింది. ఆగిన చోట పెయింటు పొరలు చిన్న చిన్న చుట్టలుగా లేచి ఉన్నాయి, ఆ చుట్టలన్నీ గీత వెనక అంచున పోగుపడ్డాయి. గీత లోపల ఎరుపు, నీలం, నలుపు లాంటి వేరే బండి రంగేదీ లేదు, బూడిదరంగు పొడి ఉంది. నువ్వు బండి కడుగుతూ మధ్యలో ఆపి ఫోటోలు తీయడం మంచిదైంది, లేకపోతే ఆ పొడి పోయేది.

ఇవి మూడూ కలిపి చదివితే: బండి ముందుకి పోతోంది, పక్కన కదలని వస్తువేదో ఉంది, అది బండి పొడుగునా ముందు నుంచి వెనక్కి గీసుకుంటూ వచ్చింది, వెనక్కి వచ్చేకొద్దీ గట్టిగా నొక్కింది. రివర్స్‌లో తగిలి ఉంటే చుట్టలు ముందు వైపు పోగుపడేవి. ఆగి ఉన్న బండిని ఎవరో గుద్ది ఉంటే సొట్ట ముందు, గీత తర్వాత ఉండే అవకాశం ఎక్కువ, గుద్దిన బండి రంగు కొంచెమైనా అంటుకునేది. నాకు తెలిసినంతలో ఇది ఎడమ మలుపులో గోడకో గేటు స్తంభానికో రాసుకున్న దెబ్బ. పొడుగాటి బండికి వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మలుపు లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి. ముందు బంపర్ స్తంభం దాటింది, క్యాబిన్ దాటింది, అద్దం దాటింది, డ్రైవర్ మనసు అక్కడితో నిశ్చింత పడిపోతుంది, కానీ తొట్టి మధ్యభాగం, వెనక చక్రం ఇంకా లోపలికి వస్తూనే ఉంటాయి. అందుకే గీత సన్నగా మొదలై వెనక్కి వచ్చేకొద్దీ లోతైంది. కారు నడిపి పికప్ ఎక్కిన చాలామందికి మొదట్లో ఇది జరుగుతుంది.

మరి అబ్బాయికి తెలియకుండా ఎలా ఉంటుంది అంటావు. ఉంటుంది తమ్ముడూ. ఖాళీ ప్లాస్టిక్ క్రేట్లు వేసుకుని గతుకుల రోడ్డులో మలుపు తిరిగేటప్పుడు తొట్టిలో వచ్చే చప్పుడు నీకూ తెలుసు, పైగా డీజిల్ ఇంజిను మోత, కిటికీ తీసి పాటలు. ఒక్క సెకను రేకు గీసుకుంటే ఆ గోలలో కలిసిపోతుంది. తెలిసి దాచాడా, తెలియలేదా అన్నది సొట్ట చెప్పదు, అది నువ్వు మనిషిని చూసి తేల్చుకోవాలి. కానీ అడిగే పద్ధతి మార్చు. "ఎక్కడ గుద్దావురా" అని అడిగితే ఎవడైనా తెలీదనే అంటాడు, భయం అలాంటిది. పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ పది రోజుల్లో ఎడమకి ఇరుగ్గా తిప్పాల్సి వచ్చిన చోట్లు చెప్పు, పోయి చూసొద్దాం, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి" అని అడుగు. నాలుగు చోట్లు చెప్తాడు. మీ ఇంటి గేటు, తోట దారిలో కల్వర్టు, మార్కెట్ గేటు, డీజిల్ పోయించుకునే బంకు, ఇలా.

ఆ నాలుగు చోట్లకీ ఒక టేపు పట్టుకుని పో. ఖాళీ బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, నేల నుంచి గీత పైఅంచు, కింద అంచు ఎంత ఎత్తులో ఉన్నాయో ముందు రాసుకో. స్తంభాల మీద తెల్ల పెయింటు అంటిన చోటు కనిపిస్తే దాని ఎత్తు కొలువు. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు: లోడు పడితే వెనక కమాన్ కట్టలు (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) కుంగి తొట్టి కిందికి దిగుతుంది. ఖాళీ బండి మీద గీత నేలకి 34 అంగుళాల ఎత్తులో ఉండి, స్తంభం మీద తెల్ల మరక 32 అంగుళాల దగ్గర ఉందనుకో, లోడుతో వెళ్తున్నప్పుడు తగిలింది అని అర్థం. రెండూ సమానంగా ఉంటే ఖాళీగా వస్తున్నప్పుడు. దీంతో రోజు కూడా చాలావరకు తేలిపోతుంది, ఏ రోజు ఏ లోడు అన్నది నీ లెక్కల పుస్తకంలో ఉంటుంది కదా.

కెమెరాల సంగతి ఈ రోజే చూడు, రేపటికి పెట్టకు. బంకుల్లో, దుకాణాల్లో ఉండే రికార్డర్లు డిస్కు నిండగానే పాతది చెరిపేసి కొత్తది రాస్తాయి, కొన్నిచోట్ల రెండు వారాలకే పోతుంది. గుద్దిన క్షణమే దొరకాలని లేదు. శుక్రవారం సాయంత్రం బంకులో డీజిల్ కొట్టించుకుంటున్నప్పుడు ఎడమవైపు శుభ్రంగా కనిపిస్తే చాలు, వెతకాల్సిన కాలం సగానికి సగం తగ్గిపోతుంది. డీజిల్ బిల్లు మీద టైం ఉంటుంది, ఆ టైం చెప్పి మర్యాదగా అడిగితే బంకు వాళ్లు చూపిస్తారు, ఫోన్‌తో ఆ తెర ఫోటో తీసుకో.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ పొడుగాటి గీత కాదు, నాలుగో ఫోటోలో ఉన్న క్యాబిన్ వెనక మూల పగులు. నువ్వు రెండూ ఒకే దెబ్బ అనుకుంటున్నావు. నాకు అలా అనిపించడం లేదు. బండి ముందుకి పోతుండగా స్తంభం తొట్టిని వెనక్కీ లోపలికీ నెడుతుంది, క్యాబిన్ మీదికి నెట్టదు. అంటే తొట్టికీ క్యాబిన్‌కీ మధ్య సందు ఎడమవైపు పెరగాలి గానీ తగ్గకూడదు. నీ ఫోటోలో ఆ సందు ఎడమవైపు ఇరుగ్గా కనిపిస్తోంది, ఫోటో కోణం వల్ల కూడా అయ్యుండొచ్చు కాబట్టి చేత్తో చూడు. కుడివైపు ఎన్ని వేళ్లు పడుతున్నాయి, ఎడమవైపు ఎన్ని, పైన ఎన్ని, కింద ఎన్ని. తర్వాత తొట్టిలోకి ఎక్కి ముందు గోడ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా అటూ ఇటూ జరుపు. కళ్లు మూసుకుని చెయ్, కంటికి కనిపించని ఉబ్బు చేతికి తెలుస్తుంది. పలక ముందుకి, అంటే క్యాబిన్ వైపుకి, ఉబ్బి ఉంటే క్రేట్లు జారి కొట్టాయి. టమాటా క్రేటు ఒక్కోటి పాతిక కిలోలు అనుకున్నా, ఒక వరుస మొత్తం బ్రేకుకి ఒక్కసారి ముందుకొస్తే తక్కువ బరువేం కాదు.

గోడ సాఫుగా ఉండి సందు మాత్రం తేడాగా ఉంటే బండి కిందికి దూరు, లేదా నమ్మకమైన మెకానిక్‌తో చూపించు. తొట్టిని ఛాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప ఫ్రేముకి, పట్టి ఉంచే బోల్టులు వదులయ్యాయా, అక్కడి రబ్బర్లు నలిగాయా, యూ బోల్టుల దగ్గర ఛాసిస్ మీద పెయింటు పగిలి సన్నటి తుప్పు గీతలేమైనా ఉన్నాయా, కమాన్ కట్టలో ఏ పట్టీ అయినా పక్కకి జరిగిందా. కొత్త బండికి మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో బోల్టులు సర్దుకుని కొంచెం వదులవుతాయి, మొదటి సర్వీసులో బిగించాలి. సర్వీసులో చేసిన పని రాసి ఇచ్చే నీ జాబ్ కార్డులో ఆ బిగింపు రాసి ఉందా చూడు. రాసి లేకపోతే, లేదా రాసి ఉండీ బోల్టు తల మీద స్పానర్ ముట్టుకున్న ఆనవాలే లేకపోతే, అప్పుడు సర్వీస్ సెంటర్‌ని అడిగే హక్కు నీకుంది, అది వారంటీ మాట. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు, ఓవర్‌లోడు వేస్తున్నావేమో నిజం ఒప్పుకో. ఆర్సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే నువ్వు వేయాల్సిన లోడు. ఓవర్‌లోడు వల్ల వచ్చిన వంకరని ఏ కంపెనీ వారంటీలోనూ ఒప్పుకోరు, అది నీ బండి ప్రాణానికీ మంచిది కాదు.

షోరూంలోనే దెబ్బతిన్న బండి ఇచ్చారా అన్న అనుమానం. ఆ గీత మాత్రం రెండు నెలల పాతది కాదు. రేకు ఇంకా తెల్లగా మెరుస్తోంది. పెయింటు పోయిన ఇనుము వానల్లో రెండు మూడు రోజులకే ఎర్రబడుతుంది. మీ వైపు ఎండగా ఉంటే ఇంకొంచెం ఆగుతుంది, జింకు పూత ఉన్న రేకైతే ఎర్రబడకపోనూవచ్చు, కానీ రెండు నెలలు మట్టిలో తిరిగిన గీత అంత శుభ్రంగా ఉండదు. అయినా అనుమానం ఉంది కాబట్టి ఒకసారి తీర్చేసుకో, మనసులో పెట్టుకుని తిరగొద్దు. పొద్దున పూట ఏటవాలు ఎండలో బండిని నిలబెట్టి పక్క నుంచి కన్ను ఆనించి చూడు, ఒక్కో పలక మీద ట్యూబులైటు నీడలాగా మెరుపు నిటారుగా పారాలి. ఎక్కడైనా అలలుగా ఉంటే అక్కడ టింకరింగ్ జరిగి ఉండొచ్చు. తలుపు రబ్బరు బీడింగు పక్కకి లాగి ఆ రబ్బరు మీద తెల్ల పెయింటు తుంపర్లు ఉన్నాయేమో చూడు, కంపెనీలో రబ్బర్లు పెయింటు తర్వాత వేస్తారు కాబట్టి వాటి మీద తుంపర పడే అవకాశమే లేదు. బానెట్ కింద ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) బోల్టుల తలలు చూడు, విప్పి బిగించినవైతే మూలల దగ్గర పెయింటు రేగి ఉంటుంది. పల్చని గుడ్డలో చుట్టిన అయస్కాంతం మామూలు చోట గట్టిగా పట్టి, ఒక చోట జారిపోతుంటే ఆ చోట పుట్టీ ఉన్నట్టు. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు పాత కార్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది, కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, మళ్లీ వేసినదైతే 200 దాటుతుంది, పుట్టీ ఉంటే 500, 1000 కూడా చూపిస్తుంది.

కొత్త బండ్లు ఫ్యాక్టరీ నుంచి ట్రైలర్ల మీద వస్తాయి, స్టాక్ యార్డుల్లో వారాల తరబడి నిలబడతాయి, దారిలో దెబ్బ తగిలినవి కొన్ని ఉంటాయి. వాటిని బాగుచేసి చెప్పకుండా అమ్మడం తప్పు. అలాంటి ఆనవాలు దొరికితే మీటరు అంకెలతో సహా ఫోటోలు తీసి షోరూంకి రాతపూర్వకంగా ఇవ్వు, ముద్ర వేయించుకో. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్లలోపు వేయాలి, బండికి కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. "నీది కమర్షియల్ బండి, నువ్వు వినియోగదారుడివే కాదు" అని భయపెడతారు, దానికి లొంగకు. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొన్నదైతే 2019 వినియోగదారుల చట్టం అలాంటివాణ్ని వినియోగదారుడిగానే చూస్తుంది. కానీ ఆనవాలు ఏమీ దొరకలేదా, షోరూంని వదిలెయ్. ఈ గీత వాళ్లది కాదు.

ఇక ఇన్సూరెన్స్. లారీ గుద్దిందని రాయమన్నవాడు నీ మంచి కోరే చెప్పి ఉంటాడు, కానీ ఆ మాట వినకు. నష్టం చూడ్డానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయరు రోజూ ఇవే చూసే మనిషి. లారీ గుద్దితే దెబ్బ ఎంత ఎత్తులో పడుతుందో, రంగు ఎలా అంటుతుందో, రేకు ఎటు మడుస్తుందో అతనికి నాకంటే బాగా తెలుసు. నీ కథకీ రేకుకీ పొంతన లేకపోతే ఈ క్లెయిమ్ పోతుంది, అబద్ధం చెప్పాడన్న మాట రికార్డులో ఉండిపోతుంది, రేపు నిజంగా పెద్ద యాక్సిడెంట్ అయినప్పుడు అదే మెడకు చుట్టుకుంటుంది. అవసరమే లేదు కూడా. ఓన్ డ్యామేజ్ కవరు, అంటే మన బండికే అయిన నష్టానికి కవరు, ఉన్న పాలసీలో మన డ్రైవర్ స్తంభానికి రాసినా క్లెయిమ్ వస్తుంది, ఆగి ఉన్న బండికి ఎవరో తెలియనివాడు తగిలించి పోయినా వస్తుంది. "ఆదివారం పొద్దున కడుగుతుండగా చూశాను, ఎప్పుడు ఎక్కడ తగిలిందో తెలియదు, గేటు స్తంభానికి రాసుకున్నట్టు అనుమానం" అని రాస్తే చాలు. స్తంభం దొరికితే దాని ఫోటో కూడా పెట్టు.

కానీ క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది వేరే లెక్క. నీ పాలసీ కాగితం తీసి ఐఎంటీ 23 అన్న అంకె ఉందా చూడు. ఇది గూడ్స్ బండి ఓనర్లలో చాలామందికి తెలియదు. సరుకు రవాణా బండ్ల పాలసీలో దీపాలు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్, పక్క భాగాలు, బంపర్లు, పెయింటు పని, ఇవన్నీ మామూలుగా కవరు కావు, బండి మొత్తం పోతే తప్ప. కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి ఐఎంటీ 23 ఎండార్స్‌మెంట్ తీసుకుంటేనే వాటికి డబ్బు వస్తుంది. నీది పెయింటు గీత కాబట్టి అది లేకపోతే క్లెయిమ్ చేసి చేతికి వచ్చేది పెద్దగా ఉండదు. అది ఉన్నా, పెయింటు బిల్లులో సామాను ఖర్చుకి సగం తరుగు తీస్తారు, జీరో డిప్రిసియేషన్ (తరుగు తీయకుండా ఇచ్చే అదనపు కవరు) ఉంటే తప్ప. నీ బండి ఆరు నెలల లోపుది కాబట్టి ఇనుప భాగాలకి మాత్రం తరుగు లేదు. తర్వాత నీ వంతుగా కట్టాల్సిన మొత్తం పాలసీలో రాసి ఉంటుంది, అది పోతుంది. వచ్చే ఏడాది రావాల్సిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 20 శాతం పోతుంది, ఆ పై ఏడాది 25, తర్వాత 35, 45, 50 అంటూ ఎక్కాల్సిన మెట్లన్నీ ఒక ఏడాది వెనక్కి పోతాయి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకుంటే మొదటి ఏడాదే 2,400 నష్టం. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి, షెడ్డులో చెప్పే రేటుతో పోల్చు. గీత ఒక్కటే అయితే నేనైతే చేతి డబ్బు పెట్టుకుంటా. ఛాసిస్‌కీ, క్యాబిన్‌కీ ఏదైనా తేలితే మాత్రం తప్పకుండా క్లెయిమ్ చేస్తా.

ఇంకో ముఖ్యమైనది, ఆ గీతా ఈ పగులూ వేర్వేరు రోజుల్లో జరిగినవని తేలితే రెండు వేర్వేరు క్లెయిములు వేయాలి, నీ వంతు డబ్బు రెండుసార్లు పోతుంది. రెండూ ఒకటే అని కలిపి రాయొద్దు. క్లెయిమ్ చేసేదుంటే చూసిన రోజు, మహా అయితే మర్నాడే చెప్పాలి, సర్వేయరు చూసేదాకా షెడ్డులో ఎవరూ సుత్తి తాకించకూడదు. ఆర్సీ, పాలసీ, నడిపిన మనిషి లైసెన్సు, అన్నీ చేతిలో పెట్టుకో. అబ్బాయికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు మాత్రమే ఉంది, ట్రాన్స్‌పోర్ట్ అని లేదు అని భయపడకు. 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్‌ఎంవీ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. బండి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ కూడా అడగరు, దాటితే అది కూడా కావాలి. క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయి, నెల చూసి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

రిపేరు గురించి రెండు మాటలు. ఫోటోలు, కొలతలు అయ్యాక ఆ గీతని పొడి గుడ్డతో తుడిచి, రేకు కనిపిస్తున్న చోట వెడల్పాటి సెలోటేపు అంటించు, నీళ్లు తగలకుండా. అది వారానికే, నెలలు వదిలెయ్యకు. షెడ్డుకి వెళ్లినప్పుడు మేస్త్రీని ఒక్కటే అడుగు: "లోపలి నుంచి కొట్టి తీస్తారా, పుట్టీ పెట్టి నింపేస్తారా?" తొట్టి పక్క పలకకి చాలా బండ్లలో లోపలి నుంచి చెయ్యి పోతుంది, సుత్తీ, వెనక ఆనించే ఇనుప దిమ్మ డాలీతో రేకుని దాని చోటుకి తేవచ్చు, తర్వాత పల్చగా పుట్టీ, ఎపాక్సీ ప్రైమరు, పెయింటు. సొట్టని అలాగే ఉంచి దట్టంగా పుట్టీ మెత్తితే షోరూంలా కనిపిస్తుంది, కానీ క్రేట్లు కొట్టుకుని ఆర్నెల్లకే పెచ్చులూడుతుంది, దాని కింద తుప్పు పాకుతుంది. పనిలో ఉన్నవాడిగా చెప్తున్నా, పుట్టీ పెట్టకముందు ఒకసారి నన్ను పిలవండి అని చెప్పి, వట్టి రేకుని నీ కళ్లతో చూసి, ఫోటో తీసుకుని అప్పుడు పని సాగనివ్వు. మంచి మేస్త్రీ దానికి ఏమీ అనుకోడు.

స్తంభం మీద మరక ఎక్కడా దొరకకపోతే నా అంచనా తప్పే అయ్యుండొచ్చు, అప్పుడు రాత్రి బండి ఎక్కడ నిలుపుతున్నావో చూడాలి. కోనసీమ నుంచి వచ్చిన ఒక బండి బానెట్ మీద గిన్నెలా గుండ్రటి సొట్ట, పెయింటు చెక్కు చెదరలేదు, ఓనరు ఇంటి పక్కవాళ్ల మీద పోలీస్ స్టేషన్‌కి పోబోయాడు, చూస్తే పైన కొబ్బరిచెట్టు. గేదె ఒళ్లు రుద్దుకుంటే వెడల్పుగా, లోతు లేకుండా నొక్కుకుపోతుంది, మూలల్లో రోమాలు ఇరుక్కుంటాయి. ఫెండర్ మీద పక్కపక్కన నాలుగు సన్న గీతలుంటే లోపల పిల్లి దాక్కుంది, కుక్క గీరింది, అప్పుడు ఇంజిన్ దగ్గర వైర్లు కూడా చూడాలి. నీది వీటిలో ఏదీ కాదు, అయినా రాత్రి బండి గోడకి ఎడమవైపు ఆనించి పెట్టి తాళాలు నీ దగ్గరే ఉంచుకో కొన్నాళ్లు. ప్రతి శనివారం నాలుగు వైపులా నాలుగు ఫోటోలు, రెండు నిమిషాల పని. సర్వీసుకి ఇచ్చేటప్పుడు కూడా అంతే, జాబ్ కార్డు మీద బండి బొమ్మ ఉంటుంది, దాని మీద ఇప్పటికే ఉన్న దెబ్బలు గుర్తు పెట్టించి అప్పుడే సంతకం పెట్టు.

ఈ సాయంత్రం టేపు కొలతలు, క్యాబిన్ సందు వేళ్ల లెక్క, తొట్టి ముందు గోడ లోపలి ఫోటో పంపు. గోడ ఫోటో ఎండ పక్క నుంచి పడేటప్పుడు తియ్యి, ఉబ్బు తెలుస్తుంది. సందు తేడా ఉంటే బోల్టులు చూపించేదాకా లోడు వెయ్యొద్దు. అబ్బాయి జీతం మాత్రం ఒకటో తారీఖు పూర్తిగా ఇచ్చెయ్, అతన్ని కూడా స్తంభాలు చూడ్డానికి నీతోపాటు తీసుకెళ్లు.